అందరికీ ఒకే గారు

పాపాయమ్మ చేతి పూతరేకులకు ఆత్రేయపురంలో పేరుంది. కోడలు సత్యశ్రీ మాత్రం కాలే కుండ మీంచి రేకు తీయబోతే చింపేస్తుంది. అందుకే ఆర్డర్లు, కంప్యూటరు తను చూసుకుంటానంది.

"జగన్నాథరావు గారి ఆర్డరు నీదే. తేడా వచ్చిందో, కంప్యూటరు మూసేసి కుండ దగ్గర కూర్చుందువు గాని," అంది అత్తగారు. ఆ కుండ సెగ ఎలాంటిదో సత్యశ్రీకి తెలుసు.

ఆ పెద్దాయన మనవరాలి ఓణీల ఫంక్షను. ప్రతి డబ్బా మీదా తీసుకునేవారి పేరు, ఊరు ఉండాలి. ఇంట్లో పనివాళ్లకైతే ఊరి బదులు పని. గుమస్తా పంపిన ఫైలులో కొన్నిచోట్ల జంట కామాలు. కొన్నిచోట్ల గారు కామా దాటి, ఊరి పక్కన "గారు రావులపాలెం" అని కూర్చుంది. సత్యశ్రీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, గారు అన్నది వెతికి, దాని బదులు ఏమీ పెట్టకుండా రీప్లేస్ ఆల్ నొక్కింది. జంట కామాలను ఒంటి కామాలు చేసింది. ఫైలు కడిగిన ముత్యంలా వచ్చింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసింది. "గారు ఏదే? ఉత్త పేరు పెట్టి పిలిస్తే ఆ చుట్టాలు డబ్బా ముట్టుకుంటారా?"

జగన్నాథరావు గారి వ్యాను వచ్చే వేళయింది. గుమస్తా ఎవరికి గారు పెట్టాడో, ఎవరికి పెట్టలేదో ఒక్కొక్కటీ చూసే తీరిక లేదు. వరసకు ఒక్క కామాయే మిగిలింది కదా అని, కామా ఉన్నచోటల్లా దాని ముందు గారు చేరేలా మళ్లీ రీప్లేస్ ఆల్ కొట్టింది. క్షణంలో అందరూ పెద్దమనుషులైపోయారు.

డబ్బాలు ఎక్కించుకుంటున్న ఆయన డ్రైవరు లోవరాజు ఒకదాని దగ్గర ఆగిపోయాడు. "లోవరాజు గారు, డ్రైవరు" అని ఉంది దానిమీద.

"ఇది తప్పు పడిందండి," అన్నాడు మెల్లగా. "అయ్యగారు చూస్తే కోప్పడతారండి."

సత్యశ్రీ గడియారం చూసింది. మళ్లీ ప్రింటు తీసే టైము లేదు. వ్యాను వెళ్లిపోయింది.

మర్నాడు జగన్నాథరావు గారే ఫోను చేశారు. "ఆ పేర్లు కొట్టింది ఎవరమ్మా?"

"నేనేనండి."

"మా డ్రైవరుకి గారేంటమ్మా?"

పొరపాటండి అనబోయింది. ఆయన ఆగలేదు.

"వాడా డబ్బా టీవీ పక్కన పెట్టుకున్నాడంట. పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వట్లేదని వాడి పెళ్లాం పొద్దున్నే మా ఇంటికొచ్చి గోల." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇంకో డబ్బా పంపు. దానిమీద పేరు వెయ్యకు. వేశావంటే అదీ తిననివ్వడు."