ఉండేది కాదు, ఉంది

సంఘపెద్దని అందరూ చాటుగా ‘తొందర ఆమేన్’ అంటారు. ఎవరి ప్రార్థనైనా సరే, ముగింపుకి రాకముందే ఆయన ఆమేన్ అనేస్తాడు. శనివారం సాయంత్రం ఆయన వచ్చేసరికి అమ్మగారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ సంఘానికి పాస్టరు ఆవిడే. మానసిక వైద్యశాల నుంచి వచ్చి చాలా వారాలైనా ప్రసంగం చెప్పే పల్పిట్ మీదికి ఆయన ఆవిణ్ణి ఇంకా ఎక్కనివ్వలేదు.

“చెయ్యి వణుకుతోందేంటమ్మా?”

“మందు వల్లండి, బాబాయిగారూ. ముక్కలు లావుగా పడుతున్నాయి, అంతే. రుచికేం ఢోకా లేదు.”

ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “రేపు సాక్ష్యం చెప్పండి. దేవుడు నయం చేశాడు, మందులు మానేశాను అనండి. వెంటనే ప్రసంగం మీదే. లేదంటే వచ్చే ఆదివారానికి వేరే పాస్టరు వస్తాడు.”

“మానలేదు కదండీ.”

“అబ్బ, మందు మాటెత్తకండి తల్లీ! పోనీ బీపీ వచ్చి తగ్గిందనండి. ఎవరూ ఏమీ అనుకోరు.”

“బీపీ మాత్రలు మీరూ మింగుతున్నారుగా. మీ విశ్వాసానికేమైనా చిల్లు పడిందా?”

“అది ఒంటి జబ్బు.”

“మరి నా తల? అద్దెకు తెచ్చుకున్నానా?”

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ భర్త, కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, ఫక్కున నవ్వబోయి పెద్దాయన చూపు తగలగానే దాన్ని దగ్గుగా మార్చేశాడు.

పెద్దాయన వెళ్ళిపోయాక ఆవిడ కత్తి పక్కన పెట్టింది. “ప్రసంగం చెప్పకపోతే నేనేం చేసుకుని బతకను? ఒక్క మాటేగా, అనేస్తే పోలా?”

“కిందటిసారీ ఒక్క మాటే,” అన్నాడు భర్త.

కిందటిసారి ఆ ఒక్క మాటా అని, చప్పట్లు కొట్టించుకుంది. అన్న మాట అబద్ధం కాకూడదని ఇంటికొచ్చి మాత్రలు ఆపేసింది. మొదట్లో బాగానే ఉంది. ఆ తర్వాత మరీ బాగుంది. ఒక ఆదివారం ప్రసంగం మొదలుపెట్టి ఆపలేకపోయింది. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది భర్తా, బెంచీ కింద ఒక పిల్లీ. ఆవిడ పిల్లికి పాపక్షమాపణ గురించి వివరిస్తుంటే, అతను మైకు తీగ ఊడదీసి, ఏడుస్తూ ఇంటికి నడిపించుకొచ్చాడు. ఆ పైన దిగులు కమ్మింది. తల దువ్వుకోవడం కూడా కొండెక్కినంత పనైపోయింది. అలా వైద్యశాలలో చేరింది.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆవిడ బెంచీల మధ్య లేచి నిలబడింది. ఎదురుగా పల్పిట్ దగ్గర పెద్దాయన. ఆ పల్పిట్ ఆయన కలప దుకాణంలో చేయించి ఇచ్చిందే.

“నాకు జబ్బు ఉంది,” అంది చేతికందించిన మైకులో. “ఉండేది కాదు, ఉంది. కొన్నాళ్ళు మనసు పగ్గాలు తెంచుకుని పరిగెడుతుంది. కొన్నాళ్ళు పడకేస్తుంది. అందుకే మందు...”

“ఆమేన్!” అన్నాడు పెద్దాయన.

“ఇంకా అవలేదండి, బాబాయిగారూ.”

పాటల బృందంలో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇక్కడ తగ్గిపోయిన జబ్బులకే సాక్ష్యం. తగ్గనివాళ్ళు నోరు మూసుకుని ఇంటికి పోవాలి. నేను పోను. పొద్దున మాత్ర వేసుకునే వచ్చాను, రేపూ వేసుకుంటాను. అది కూడా దేవుడు చేసిన మేలే. నన్ను తీసేస్తే తీసెయ్యండి. కానీ ఆ మాట మీ నోటితో అనండి. నా నోట అబద్ధం పలికించకండి.”

వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. సాక్షాత్తూ పెద్దాయన భార్య.

“అమ్మగారూ, ఆ మాత్రలు అన్నానికి ముందా, తర్వాతా? నావీ అలాంటివే, పప్పు డబ్బాలో పడున్నాయి. ఎలా వేసుకోవాలో మర్చిపోయాను.”

పెద్దాయన నోరు తెరిచాడు. ఆమేన్ కూడా రాలేదు.

“నావి తర్వాత, పిన్నిగారూ. మీవి పాతబడి ఉంటాయి, వేసుకోకండి. రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం.”

ఆవిడ బైబిలు తెరిచింది. పెద్దాయన పల్పిట్ అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“పట్టుకునే ఉండండి, బాబాయిగారూ. వాక్యం ఇక్కణ్ణుంచి కూడా వినబడుతుంది.”

చేతిలో పేజీ వణికి మైకులో గరగరమంది. ఆవిడ మైకు దూరం జరపలేదు.