నలభై అయిదు ఓట్లు ఎక్కువ

ఆదివారం మధ్యాహ్నం కంచాలు తీసి బల్ల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. తమ్ముడు ఫిర్యాదు కాగితం తెచ్చి అన్న ముందు పెట్టాడు. అడుగున సంతకాలకు రెండు గీతలున్నాయి. ఒకదాని మీద తమ్ముడి సంతకం అప్పటికే పడింది. రెండోది ఖాళీ. మర్నాడు పన్నెండు గంటల్లోపు ఎన్నికల ఆఫీసులో ఇవ్వకపోతే ఆ కాగితం పొట్లం కట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అన్న నిమ్మకాయల టోకు వ్యాపారి. కింద కొట్టు, పైన ఇల్లు. మార్కెట్ వర్తకుల సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఓడినవాడు ఒంటరిగా అరిస్తే ఏడుపంటారు, సంఘం పెద్ద సంతకం పెడితే ఫిర్యాదంటారు. ఆ ఖాళీ గీత విలువ ఎంతో ఆయనకు తెలుసు. అందుకే కలం ఇంకా జేబులోనే ఉంది.

ఓడినవాడు పరాయివాడు కాదు, తమ్ముడి బావమరిది. వార్డు ఎన్నికలో ముప్పై ఒక్క ఓట్ల తేడాతో పోయాడు. అతని తరఫున తమ్ముడు బడి బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా బెంచీ దిగలేదు. జాబితాలో పేర్లు కొట్టేసే పని అవతలి ఏజెంట్లకు వదిలేసి, తను మాత్రం లోపలికి వచ్చిన వాళ్లను వచ్చినట్టు లెక్కపెట్టాడు. తేలింది తొమ్మిది వందల ఇరవై ఏడు. పెట్టె తెరిస్తే వచ్చింది తొమ్మిది వందల డెబ్బై రెండు. నలభై అయిదు ఎక్కువ. ముప్పై ఒకటితో ఓడిన వాడి చెవిలో నలభై అయిదు అన్న అంకె పడితే ఇక నిద్రెక్కడిది?

తమ్ముణ్ణి మార్కెట్లో అందరూ మిషను అంటారు. కాయలు లెక్కపెట్టి సంచిలోకి ఎత్తడం మొదలెడితే పక్కన బాజాలు మోగినా లెక్క తప్పడు. ఎనిమిది రోజుల కిందట ఆ రెండు అంకెలూ విన్నప్పుడు అన్న టీ గ్లాసు కింద పెట్టి, మా మిషను లెక్క తప్పిందంటే నేను కొట్టు మూసేస్తాను అన్నాడు. ఆ మాట సాయంత్రానికి మార్కెట్ దాటింది. రెండో రోజుకి వార్డంతా తిరిగింది. అసలు ఆయనకూ అనుమానం ముందునుంచీ ఉంది. కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఈసారి మీవాడికే అన్నాడు మరి. అడిగిన బేరమంతా అమ్మకం కాదని ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి, ఓట్ల దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయాడు.

మరిచిపోయినది ఇంకొకటుంది. ఆ బూత్ అధికారి ఆయన కూతురు.

కూతురు ఆ బడిలోనే టీచరు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. డ్యూటీ చీటీ చూసుకుని, మా బాబాయి అక్కడే ఏజెంటు, నన్ను మార్చండి అని పైవాళ్లను అడిగింది. ఆఖరి నిమిషంలో మార్చేదేముంది, కూర్చో అన్నారు. సాయంత్రం పెట్టెకు సీలు వేశాక పడిన ఓట్ల పత్రం రాసి ఏజెంట్లందరి చేతా సంతకాలు పెట్టించింది. బాబాయి కూడా పెట్టాడు, అలసటలో అంకె చూసుకోకుండా. ఇంటికొచ్చి తన కాగితం కూడి, పత్రం నకలు పక్కన పెట్టుకున్నాకే తేడా కనిపించింది.

ఫిర్యాదు పడితే విచారణ. విచారణ తేలేదాకా బూత్ అధికారి ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చోవాలి. అది రూలు. ఏడాది పట్టినా పట్టొచ్చు. పోయిన జీతం తిరిగి రావచ్చేమో, పోయిన పేరు తిరిగొచ్చిన దాఖలా అన్న ఎప్పుడూ చూడలేదు.

ఎనిమిది రోజులుగా ఆ పిల్ల బాబాయితో మాట్లాడటం లేదు. ఈ రోజు కూడా మూడు మెతుకులు కతికి లేచింది. కాగితం బల్ల మీదికి రాగానే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకాల తల్లి.

తమ్ముడు అన్నతోనే మాట్లాడాడు, చెప్పింది మాత్రం గుమ్మానికి. ఇందులో అమ్మాయి పేరెక్కడా లేదన్నాడు. పై నుంచి ఎవరో చేయించి ఉంటారని, పిల్లకు తెలియకుండా జరిగిందని ఎవరు అడిగినా తనే చెబుతానన్నాడు.

కూతురు గుమ్మం దాటి వచ్చింది.

"బాబాయ్, పెట్టె పొద్దుణ్ణుంచీ నా బల్లకి మూరెడు దూరంలో ఉంది. నలభై అయిదు కాగితాలు అందులో పడితే, తెలిసి ఊరుకుంటే నేను దొంగని. తెలియకపోతే మొద్దుని. ఫిర్యాదులో ఏది రాశావో చెప్పు, నేనూ రాసుకుంటాను."

"నిన్నెవరన్నారమ్మా?"

"రోజూ క్లాసుకి వెళ్తుంటే మెట్ల మీద నించున్న పిల్లల తల్లులంటున్నారు. నిన్న ఒకావిడ తన కూతుర్ని నా క్లాసు నించి మార్పించుకుంది."

తమ్ముడు తలొంచుకున్నాడు గానీ కాగితం వెనక్కి తీసుకోలేదు. తీసుకోలేడు. ఓట్ల లెక్కింపు మర్నాడే అతని భార్య ఓడిన బావమరిది ఇంటికి వెళ్లి అక్కడే కూర్చుంది. ఫిర్యాదు పడ్డాక రమ్మంటే వస్తానంది. ఇటు కూతురి ఉద్యోగం, అటు మరదలి కాపురం, మధ్యలో సంతకమంత జాగా. పెట్టకపోతే కూతుర్ని కాచుకున్నాడంటారు. పెడితే కన్నతండ్రే నమ్మలేదంటారు. ఎటు తిప్పినా నష్టమే కనిపించే బేరం అన్నకిదే మొదలు.

వదిన గుమ్మంలోంచి, నాలుగింటికి మీ బావమరిది వస్తానన్నాడుగా, ఏదైనా ఆయన ఎదుటే తేల్చుకోండి, ఇప్పుడు అరుచుకుని వీధిలోవాళ్లకి వినిపించొద్దు అంది. గడియారం మూడు దాటింది.

"అసలు కాగితం ఏదిరా?" అన్నాడు అన్న. "నువ్వు బూత్‌లో గీసింది."

ఇన్నాళ్లూ ఆయన ఆ కాగితం చూడలేదు. తమ్ముడి నోట అంకె విన్నాడు, అదే చాలనుకున్నాడు. తమ్ముడు జేబులోంచి తీసి నాలుగు మడతలు విప్పి చేతికిచ్చాడు. ఇస్తున్నప్పుడు అతని మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. గీతలన్నీ అచ్చు వేసినట్టున్నాయి. అయిదుగురు దాటగానే ఒక గీత. ఇరవై గీతలకు ఒక వరస. వరస చివర ఒక అడ్డగీత. అలా తొమ్మిది నిండు వరసలు. పదో వరసలో అయిదు గీతలు, రెండు చుక్కలు.

అన్న వేలు వరసల మీద పైనుంచి కిందికి దిగింది. తొమ్మిదో వరస దగ్గర ఆగింది. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ దిగింది. కాగితం మడిచి తమ్ముడి చేతికి తిరిగిచ్చేశాడు.

చెప్పడం ఒక్క మాటలో పని. కానీ చెబితే ఎవరు వింటారు? కూతురున్న తండ్రి మాట. తమ్ముడైనా మొదట అదే అనుకుంటాడు. కొనేవాడు తన చేత్తో తను పట్టి చూడని సరుకు ఎంత మంచిదైనా అనుమానంగానే కొంటాడు.

"కిందికి రా. రేపటి సరుకులో ఒక వంద ఎత్తాలి," అన్నాడు లేస్తూ. కూతురితో, "నువ్వూ రామ్మా" అన్నాడు.

"ఇప్పుడా, అన్నయ్యా?"

"ఇప్పుడే."

కొట్టు మూసి ఉంది. తలుపు సగం తెరిస్తే వచ్చిన వెలుగులో కాయల కుప్ప పచ్చగా మెరుస్తోంది. గోనెసంచుల వాసన, నిమ్మ వాసన కలిసి గది నిండా ఉన్నాయి. అన్న పలక, సుద్దముక్క తమ్ముడి పక్కన పెట్టాడు. తమ్ముడికి విసుగ్గా ఉంది. అయినా అన్న చెప్పాక చెయ్యకపోవడం ఆ ఇంట్లో లేదు. లుంగీ పైకి మడిచి కుప్ప ముందు కూర్చున్నాడు.

కుడి చేత్తో మూడు, ఎడమ చేత్తో రెండు. అయిదు కాయలకు ఒక చెయ్యి. చెయ్యి సంచిలో పడగానే పలక మీద ఒక గీత. చూసేవాళ్లకు చేతులు కదిలినట్టే ఉండదు, సంచి మాత్రం నిండుతూ ఉంటుంది. ఇరవై గీతలు పడ్డాయి. తమ్ముడు ఇంకో చెయ్యి ఎత్తి సంచిలో వేసి, గీత పెట్టకుండా, వరస చివర అడ్డగీత కొట్టి, సంచి మూతి పట్టుకున్నాడు.

"ఎంత?"

"వంద."

అన్న సంచిని కూతురి వైపు జరిపాడు. ఒక్కొక్కటిగా లెక్కపెట్టమన్నాడు. ఆ పిల్లకు బాబాయి చేతివేగం లేదు. కాయ తీసి కింద పెడుతూ బిగ్గరగా చదివింది. ఎనభై, తొంభై. తొంభై తొమ్మిది, వంద. చెయ్యి ఆగలేదు. నూట ఒకటి. నూట రెండు. నూట అయిదు దగ్గర సంచి ఖాళీ అయింది.

నిమ్మకాయల మార్కెట్లో వందకు అయిదు కొసరు. కాయ చితుకుతుంది, కుళ్లుతుంది, అందుకని తాతల నాటి నుంచి ఇస్తున్నదే. ఇరవయ్యొకటో చెయ్యి కొనేవాడిది. దానికి గీత ఉండదు. పదిహేనో ఏట నేర్చుకున్న పని అది. ఆ తర్వాత తమ్ముడి చేతికి గాని, కంటికి గాని, వంద అంటే ఎప్పుడూ నూట అయిదే.

తమ్ముడు పలక వైపు చూశాడు. సంచి వైపు చూశాడు. కొసరు కదా, అనబోయి, పలక మీది గీతలు మళ్లీ లెక్కపెట్టాడు.

"నేనక్కడ నిమ్మకాయల్ని లెక్కపెట్టలేదన్నయ్యా. మనుషుల్ని లెక్కపెట్టాను," అన్నాడు మెల్లగా.

"అవును. ఈ చేత్తోనే. తొమ్మిది వరసలు, వరసకు అయిదుగురు కొసరు."

ఇంక గుణకారం ఎవరూ పైకి చెయ్యలేదు. కూతురు ఆఖరి అయిదు కాయల్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, బాబాయి మొహం చూడలేక.

తమ్ముడికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల చేతిని ఆడపిల్ల ముందు కూర్చోబెట్టి పరీక్ష పెడతావా అన్నాడు. ఆ రోజు ప్రతి వరసకూ అలాగే చేశానని నువ్వు చూశావా అన్నాడు. ఒకవేళ చేసినా, అవతలివాళ్లు దొంగతనం చెయ్యలేదని ఇది రుజువా అన్నాడు. నేనూ చూడకుండానే ఎనిమిది రోజులు ఊరంతా చాటాను, అన్నాడు అన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె మరోవైపు చూసింది.

అప్పుడే సగం తెరిచిన తలుపులోంచి బావమరిది వంగి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. గెలిస్తే వేసుకుందామని కుట్టించుకున్న చొక్కాలా ఉంది. సంతకమైందా పెద్దబావగారూ, అన్నాడు కూర్చోకుండానే.

అన్న పెట్టనన్నాడు. ఎందుకో చెప్పాడు. కొసరు సంగతి, వరసల సంగతి, పలక కూడా చూపించాడు. బావమరిది అంతా విన్నాడు. విన్నాక నవ్వాడు, గొంతులోనే.

"ఎనిమిది రోజుల్నించీ లేని కొసరు సంతకం దగ్గరికొచ్చేసరికి పుట్టిందా బావగారూ? ఆడపిల్ల తండ్రి, మీ బాధ నేను అర్థం చేసుకోగలను. నిమ్మకాయల కథ చెప్తే మార్కెట్టంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది, నమ్మదు."

నమ్మదని అన్నకూ తెలుసు. తన మాటకు ఇక్కడ ధర లేదు. కూతురి మాటకు అసలే లేదు. ధర ఉన్న మాట ఆ గదిలో ఒక్కరిదే.

బావమరిది తమ్ముడి వైపు తిరిగాడు. పోలింగు రోజు నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసన్నాడు. అక్క నీకోసం ఎదురుచూస్తోందన్నాడు. పెద్దాయన సంతకం లేకపోయినా ఫర్వాలేదు, నీదుంది, నీ గీతల కాగితం ఇస్తే ఫైల్లో పెట్టి నేనే ఇచ్చుకుంటానన్నాడు.

"ఒక్క మాట చెప్పు బావా. మన బూత్‌లో ఎంతమంది ఓటేశారు?"

తమ్ముడు కుప్ప ముందే కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద ఉన్నాయి. వేళ్లు ఒకసారి ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. అన్న మనసులో తూచుకున్నాడు. ఇప్పుడు వీడు ఇరవై ఏడంటే రేపు పన్నెండింటికి పిల్ల పేరు ఆఫీసు బల్లల మీద తిరుగుతుంది. డెబ్బై రెండంటే వీడి ముప్పై ఏళ్ల పేరు ఈ గదిలోనే రాలిపోతుంది. పక్కనుంచి ఒక్క మాట తోడు వేసినా తూకం చెడుతుంది.

"తొమ్మిది వందల డెబ్బై రెండు," అన్నాడు తమ్ముడు.

బావమరిది ఇంకోసారి అడిగాడు, వినపడనట్టు. తమ్ముడు ఇంకోసారి అదే చెప్పాడు, ఈసారి కాస్త గట్టిగా. గీతల కాగితం జేబులోంచి తీసి, అన్న జేబులోని కలం తీసుకుని, ప్రతి నిండు వరస పక్కనా కొసరు గీత ఒకటి చేర్చి ఇచ్చాడు. దీంతో కలిపి ఇచ్చుకో, అడిగితే నేను వచ్చి చెబుతానన్నాడు. బావమరిది దాన్ని ముట్టుకోలేదు. సరే, అక్కకి ఏం చెప్పమంటావ్ అన్నాడు. నేనే వచ్చి చెబుతానన్నాడు తమ్ముడు. ఫైలు చంకన పెట్టుకుని బావమరిది వంగి బయటికి వెళ్లాడు. తలుపు వేయలేదు.

ఫిర్యాదు ఇక పడదు. పడినా నిలవదు. కానీ కూతురి కోసం ఇంట్లోవాళ్లు తమ్ముడి నోరు నొక్కారన్న మాట సాయంత్రానికి మార్కెట్ దాటుతుంది, రెండో రోజుకి వార్డంతా తిరుగుతుంది. ఆ సరుకు పంచడం ఎలాగో ఊరికి నేర్పింది అన్నే.

కూతురు ఒళ్లోని కాయలు కింద పెట్టి లేచింది.

"బాబాయ్, రేపు నన్ను బడి దగ్గర దింపుతావా?"

తమ్ముడు తలెత్తాడు. ఈ ఎనిమిది రోజుల్లో ఆ పిల్ల అతన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

"ఎనిమిదింటికి బండి తీస్తాను."

"వెనక సందులోంచి వెళ్తే దగ్గర," అన్నాడు అన్న. తమ్ముడి మొహం చూసి అన్నాడు, పరవాలేదన్నట్టు.

"వద్దన్నయ్యా. మార్కెట్ మీదుగానే పోతాం," అన్నాడు తమ్ముడు. "టీ కొట్టు దగ్గర ఆపి, పిల్లని పక్కన నిలబెట్టుకుని, తప్పిన లెక్క నాదని చెప్పాలి. నవ్వేవాళ్లని నవ్వనీ."