జపాను పాటలో తెలుగు మాట

మూడో పాట మొదలయ్యేసరికి నూటయాభై పోగులు అతికి ఉండాలి. ఇవాళ పది తక్కువయ్యాయి. జమ్ములమ్మ నాలుక చప్పరించి, మెడ ఎడమవైపు వాల్చి, మళ్ళీ పనిలో పడింది.

నాగేంద్రమ్మ ఇంట్లో మగ్గం గుంట పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉందామె. ముందు మగ్గంలో మిగిలిన పాత పడుగు నిలువు పోగుల కొనలు, వాటికి ఎదురుగా కొత్త పడుగు. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి తీసి, బూడిద అద్దిన బొటనవేలితో ఒక్క మెలి పెడుతుంది. ముడి వేయకూడదు. ముడి వేస్తే మగ్గం అచ్చుకుండే దువ్వెన పళ్ళలో ఇరుక్కుని పోగు తెగుతుంది. చీరంతా నేసినవాడి పేరే చెప్పుకుంటారు గానీ, మూడు వేల మెలికలు పెట్టిన మనిషి ఎవరికి గుర్తు? గద్వాల నేతగాళ్ళ వీధిలో ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి ఆమె చేస్తున్నది ఇదే. వేళ్ళ గీతలు ఎంతగా అరిగాయంటే, రేషన్ కార్డుకు వేలిముద్ర వేయమంటే సిరా మరక తప్ప మరేమీ పడదు.

పక్కన ఎర్రటి టేప్ రికార్డర్. మూత ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టింది. దాని మీదే కాసెట్టు డబ్బా. అట్ట మీద నీలం జుట్టు, ముఖంలో సగం కళ్ళే ఉన్న బొమ్మల సినిమా పిల్ల. జపాను పాటలవి. నాలుగేళ్ళుగా రోజూ అవే.

"గా పిల్లకు కండ్లేంది ఒదినా, తామరాకులంత!" అంది నాగేంద్రమ్మ రాట్నం మీద నూలు కండె చుడుతూ. ఈ మాట కూడా నాలుగేళ్ళుగా రోజూ అంటూనే ఉంది.

జమ్ములమ్మ టేపు వైపు చెవి వొగ్గింది. మూడో పాటలో తను రోజూ కాచుకునే మాట వచ్చే చోటు దగ్గరపడింది. గిటారు ఆగుతుంది, పిల్ల గొంతు సన్నబడుతుంది. అప్పుడు వస్తుంది.

"నా మీద..."

అంతా తెలియని భాషే, ఈ ఒక్క మాట తప్ప. ఎన్నిసార్లు విన్నా స్పష్టంగా తెలుగే. నా మీద ఏమిటి? అది మాత్రం పిల్ల చెప్పదు. చెప్పకపోయేసరికి జమ్ములమ్మే దినానికో తీరుగా పూర్తి చేసుకునేది. మనసు బాగున్న రోజు, నా మీద కోపం పోయిందా అక్కా. బాగా లేని రోజు, నా మీద చెయ్యి చేసుకుంటివి గద అక్కా.

చెయ్యి చేసుకున్నది నిజమే. తల్లి పోయాక తమ్ముడు ధర్మయ్యను పెంచి పెద్ద చేసింది తనే. తన పెళ్ళి మాట వస్తే, వీడు చేతికి రానీ అంటూ దాటేసింది. వాడికి మెలి పెట్టడం నేర్పింది. ఇరవై ఏళ్ళవాడు ఒకనాడు పడుగు సగంలో విడిచి సినిమాకు పోయాడు. తిరిగొచ్చాక నలుగురు నేతగాళ్ళ ముందు చెంప పగలగొట్టింది. "పడుగు సగంల ఇడిసి లేసేటోడు మనిషేనా?" అంది. తెల్లారి చూస్తే వాడి దుప్పటి లేదు. గట్టు ఊరి మాసయ్య కూలీల గుంపుతో కొండల్లో సొరంగం పనికి పోయాడని తరువాత తెలిసింది.

రెండేళ్ళకు ఈ టేపూ కాసెట్టూ వచ్చాయి. తెచ్చినవాడు మాసయ్యే. "ధర్మన్న పంపిండు. ఇనమన్నడు," అని చెప్పి వెళ్ళాడు. ఆ వీధిలో దుబాయి పోయిన బక్కయ్య ఉత్తరాలు రాయడు, కాసెట్టులో మాట్లాడి పంపుతాడు. తమ్ముడూ అలాగే పంపాడనుకుని జమ్ములమ్మ ఊళ్ళో వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టింది. మీట నొక్కితే డ్రమ్ములు, గిటార్లు, పిల్ల కేకలు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆమె మాత్రం రెండు వైపులా అయ్యేదాకా విన్నది. చివర ఒట్టి గరగర తిరుగుతుంటే అది కూడా విన్నది. ఏ సందులోనైనా వాడు అక్కా అనకపోతాడా అని.

వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మరి తను దేనికి బదులు చెప్పాలి? పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వంశం వాళ్ళది.

మధ్యాహ్నం అన్నం వేళకు గడపలో నీడ పడింది. మాసయ్య. ఈ నాలుగేళ్ళలో ఇటు రాలేదు. జుట్టంతా నెరిసింది.

"బాగున్నవా అక్కా? ధర్మన్న ముచ్చట చెప్పిపోదామని వచ్చిన. సొరంగం పని అయిపోయింది. జపాను దొరలు ఎల్లుండి నేపాళం పోతుండ్రు. వాళ్ళ వంటసాలల పనిజేస్తున్నడు గద, వాన్ని గూడ తోల్కపోతుండ్రు."

జమ్ములమ్మ చేతిలో పోగు ఆగింది. "నాకేం చెప్పమనలేదా?"

"ఏం జెప్తడు? అక్క ఒక్క మాట మాట్లాడకపాయె, ఇగ ఈడ నాకెవరున్నరు అంటుండు."

"నేను మాట్లాడలేదా? వాడు మాట్లాడిండా?"

"టేపు పంపె గద! నువ్వు దాంట్ల మాట్లాడి పంపుతవని..." మాసయ్య సగంలో ఆగిపోయాడు. తల గోక్కున్నాడు. "నీకు జెప్పలేదా నేను?"

"ఇనమన్నడు అన్నవ్."

"ఇని, మాట్లాడి పంపమన్నడు." అతను నాలుక కరుచుకున్నాడు. "నా నోరు పడిపోను! సగమే జెప్పిన్నా?"

నాగేంద్రమ్మ రాట్నం ఆగిపోయింది.

"గా పాట ఇనుకుంట అంట్లు తోముతుంటె వాని కండ్లపొంటి నీళ్ళు కారినయంట," అన్నాడు మాసయ్య నేల చూపులు చూస్తూ. "దొర చూసి, నీకు మా భాష తెలుసా అనడిగిండంట. వానికి నా మీద, నా మీద అని ఇనపడ్డదంట. వాళ్ళ భాషల నమిదా అంటె కన్నీళ్ళంట అక్కా. గందుకే టేపు వానికే ఇచ్చిండు."

జమ్ములమ్మ టేపు మీది రబ్బరు బ్యాండు సవరించింది. నాలుగేళ్ళు ఒక్క మాట పట్టుకుని వేలాడింది. తీరా అది తెలుగే కాదు. కానీ వాడికీ అలాగే వినిపించింది.

"ఇప్పుడు మాట్లాడు. తీస్కపోయి ఇస్త," అన్నాడు మాసయ్య.

మాట రికార్డు చేసే ఎర్ర మీట నొక్కితే దిగలేదు. పాటల కాసెట్టు కదా, మూలన రంధ్రం ఉంటుంది, దాన్ని పూడిస్తేనే మాట పట్టుకుంటుందని మాసయ్య చెప్పాడు. జమ్ములమ్మ ఒళ్ళో రాలిన పోగుల తుంపులు ఏరి, మెలి పెట్టి, రంధ్రంలో కుక్కింది. టేపు తీసుకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మూడో పాట వినిపించింది. "నా మీద" అన్నది పిల్ల. టక్కుమని ఆగింది.

తలుపు తెరుచుకునేసరికి ఆమె ముఖం చిన్నబోయి ఉంది. వెనక్కి తిప్పి వినిపించింది. నా మీద, టక్. తరువాత ఊపిరి చప్పుడు, పక్కింటి మగ్గం చప్పుడు. ఎంతోసేపటికి, "ఒరే ధర్మా." అంతే. మళ్ళీ ఊపిరి.

"గింతే వచ్చింది," అంది జమ్ములమ్మ. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడింది. తరువాత చేతుల బూడిద దులుపుకుని లేచింది. "బస్సెన్నిటికి?"

"మూడున్నరకు. వనపర్తి, నాగర్‌కర్నూలు మీదికెల్లి పోవాలె. ఆరు గంటల తొవ్వ."

"ఆరు గంటలేనా," అంది. వాడు పోయిన ఆరేళ్ళకు ఇప్పుడడిగింది ఆ సంగతి.

"ఒదినా, పడుగు సగంల ఉన్నది!" అంది నాగేంద్రమ్మ కంగారుగా.

"ఉన్నది." జమ్ములమ్మ మగ్గం వైపు ఒకసారి చూసింది. "గిందుకే వాన్ని కొట్టిన."

చెప్పులు వేసుకుని మాసయ్య వెంట నడిచింది. టేపు మరిచిపోయావని నాగేంద్రమ్మ పిలిస్తే వెనక్కి తిరగలేదు. "ఇగ దాంతోని ఏం పని!" అని వీధిలోంచే అన్నది.

తమ్ముణ్ణి అందుకుందనీ, వాడు నేపాళం పోలేదనీ, ఇద్దరూ అచ్చంపేటలో టీ కొట్టు పెట్టారనీ నెలలు గడిచాక మాసయ్య చెప్పాడు. జమ్ములమ్మ మళ్ళీ గద్వాలకు రాలేదు.

మిగతా సగం పడుగు నాగేంద్రమ్మే అతికింది. ఆమె మెలికలు సగం ఊడిపోయాయి. మగ్గం పక్క గూట్లో ఆ కాసెట్టు అలాగే ఉంది. దాని మూల రంధ్రంలో జమ్ములమ్మ మెలిపెట్టి కుక్కిన పోగుల తుంపులు, మూడు తెల్లవి, ఒకటి ఎర్రది, ఇంకా ఊడలేదు.