తొక్కేవాళ్లు లేని ఇల్లు

నాన్న పోయిన నెలన్నరకి, ఇంటిల్లిపాదీ గుండ్లు గీయించుకుని మైల తీర్చుకున్నాక, పెద్దలు వాకిట్లో చాపలు వేసుకుని నాన్న వస్తువుల సంగతి తేల్చారు. ఇల్లూ పొలమూ అమ్మవే. వాటి జోలికి ఎవరూ రారు. కోటు, పార, సైకిల్ మాత్రం నాన్నవి కాబట్టి, వాళ్ల ఆచారం ప్రకారం నాన్న అక్క ఫలేసి ఇంటికి చేరాలి. ఎనిమిదేళ్ల జియోనె గోడకు ఆనుకుని, నున్నటి తల తడుముకుంటూ అంతా విన్నది.

"కోటూ పారా ఇవాళే పట్టుకెళ్తాం," అంది ఫలేసి అత్త అమ్మతో. "సైకిల్ మా అబ్బాయి లమేకుకి. వాడు పొగాకు తోటలో పనిలో ఉన్నాడుగా, మొక్కజొన్న కోతలయ్యాక తీసుకెళ్తాంలే. ఎలాగూ మీ ఇంట్లో తొక్కేవాళ్లు లేరు కదా, ఎలూబే! ఉంచుకుని ఏం చేస్తావు, కోళ్లని ఎక్కించుకుని సంతకి పోతావా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా తల దించుకుని కాస్త నవ్వింది. జియోనె మాత్రం నవ్వలేదు. ఇంట్లో తొక్కేవాళ్లు లేరు కాబట్టి తీసుకుపోతున్నారు. ఉంటే తీసుకుపోరు. అంత తేలిక సంగతి పెద్దవాళ్లకెవరికీ తోచకపోవడం ఆమెకు వింతగా అనిపించింది.

మర్నాటి నుంచి తెల్లవారకుండానే లేచేది. బోరింగు దగ్గర నీళ్లు పట్టి తెచ్చి, సైకిల్ని బడి మైదానం దాకా నడిపించుకెళ్లేది. జనాన్ని సంతకి చేరవేయడానికి నాన్న వాడిన బండి అది. వెనక సీటుకి దళసరి మెత్త, ముందు బారు ఆమె గుండెల ఎత్తున. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటిని పక్కకు వంచి తొక్కాలి. బ్రేకులు ఏనాడో పోయాయి. ఆపాలంటే మడమను వెనక చక్రానికి ఆనించాలి.

మొదటి వారం పడటమే నేర్చుకుంది. మోకాలి మీద పుండు ఆరేలోపే మళ్లీ చెక్కుకుపోయేది. పక్కింటి ఎస్నాతి బడి మెట్ల మీద కూర్చుని చెరుకు నములుతూ చూసేది.

"ఏమే, నువ్వు దాన్ని తొక్కుతున్నావా, అది నిన్ను తొక్కుతోందా?"

"నోరు మూసుకుని ఆ చెరుకు తిను."

"అయినా అది మీది కాదంటగా? మా అమ్మ చెప్పింది."

జియోనె సైకిల్ లేపి, హ్యాండిలు సరిచేసుకుని మళ్లీ కాలు దూర్చింది.

అమ్మ రెండుసార్లు కోప్పడింది. "అది మీ అత్తావాళ్ల వస్తువే తల్లీ. ఏదైనా విరిగితే నేనేం చెప్పుకోను? ఎందుకే నీకంత మొండితనం?" ఎందుకో జియోనె చెప్పలేదు. ముందే చెబితే ఎవరైనా అడ్డుపడతారని భయం. పని పూర్తయ్యాక తొక్కి చూపిస్తే చాలు, అందరికీ అదే అర్థమవుతుంది.

కంకులు ఎండి, ఆకులు గలగలమనే రోజుల్లో ఒక ఉదయం సైకిల్ పడలేదు. మైదానం దాటి, బోరింగు దాటి, రోడ్డు మలుపు దాకా వెళ్లింది. అక్కడ జియోనె మడమ ఆనించింది. ఆగింది. చుట్టూ చూసింది. చూసినవాళ్లు ఎవరూ లేరు.

కోతలైన వారానికి ఫలేసి అత్త వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆమె చాప మీద కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, జియోనె సైకిల్ బయటికి తీసి వాకిట్లో మూడు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో గంట కూడా కొట్టింది.

"ఓసి నా తల్లో! అచ్చం మా తమ్ముడే!" అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది. "లమేకుకి సాయంత్రం దాకా పని ఉందట. దీన్ని నెట్టుకుంటూ మా ఊరు కచేరే దాకా ఎలా పోవాలిరా దేవుడా అని దారంతా ఇదే బెంగ. నువ్వే తొక్కుకురా తల్లీ. నేను వెనకే నడిచొస్తా."

జియోనె సైకిల్ దిగలేదు. "అత్తా... తొక్కేవాళ్లు ఉంటే..."

"ఉంటే?"

అత్తకి ఆ మాట గుర్తే లేదు. జియోనె అమ్మ వైపు చూసింది. అమ్మకి అప్పుడు తెలిసింది, ఆ పుండ్లన్నీ ఎందుకో. వీపు మీద చంటి తమ్ముణ్ణి కట్టుకున్న గుడ్డను విప్పి మళ్లీ కట్టుకుంది. కట్టు సరిగ్గానే ఉంది, అయినా ఇంకోసారి కట్టుకుంది.

"వెళ్లు తల్లీ," అంది చివరికి. "పెద్దలు తేల్చేశారుగా."

కచేరే దారిలో జియోనె ఒక్కసారీ పడలేదు. రెండుచోట్ల, ఎత్తు మీద గట్టిగా తొక్కినప్పుడు చైను ఊడింది. దిగి ఎక్కించుకుని, చేతులు గడ్డికి తుడుచుకుంది.

అత్త మొక్కజొన్న ముద్ద, గుమ్మడాకు కూర పెట్టింది. తింటుండగా లమేకు పని నుంచి వచ్చి సైకిల్ చుట్టూ తిరిగాడు.

"నువ్వే తొక్కుకొచ్చావంటగా జియోనె! గట్టిదానివే. బ్రేకులు లేవేం?"

"మడమ ఆనించాలి. కుడి మడమ."

"ఇంకేమైనా ఉందా?"

జియోనె వేళ్ల సందుల్లో నల్లటి నూనె ఇంకా ఉంది. పిడికిలి మూసుకుంది.

"ఇంకేం లేదు," అంది.

లమేకు సీటెక్కి వీధి చివరి దాకా వెళ్లాడు. ఆమె ఇంటి దారి పట్టింది. వచ్చేటప్పుడు తెలియలేదు గానీ, కాలినడకన అది చాలా దూరం. దారిలో రెండుసార్లు ఆగింది, వెనక్కి వెళ్లి చైను సంగతి చెప్పేద్దామని. వెళ్లలేదు.