బజారు పిడి

జీవరాజు స్కూటర్‌ను పదకొండోసారి తన్నాడు. అది స్టార్టయ్యేలోగా బోయిగూడలో ఒక సంబంధం మాట్లాడుకుని ముహూర్తం కూడా పెట్టుకోవచ్చు. ఇరవై ఆరేళ్లుగా ప్రభుత్వం తరఫున వాదించి వాదించి ఆయన నల్లకోటు ఎంత వెలిసిపోయిందంటే, కాకుల గుంపులో నిలబెడితే అవి పరాయివాడని తరిమేస్తాయి. కళ్ల కింది సంచుల్లో రెండు కేసుల కాగితాలు పడతాయి. ప్రమోషన్ మాత్రం ఆయన ఇంటి అడ్రసు ఎప్పుడో మరచిపోయింది.

ఇవాళ టింబర్ డిపో వీరయ్య హత్య కేసు. డిపోలో పనిచేసే బ్రహ్మచారి అనే వడ్రంగి, కర్ర చెక్కే బాడిసతో యజమాని తల పగలగొట్టాడని పోలీసులు రాశారు. ముందురోజు చెదపట్టిన దుంగ గురించి ఇద్దరూ గొడవపడ్డారట. బ్రహ్మచారి రెండేళ్లుగా జైల్లో ఉన్నాడు. అతనికి శిక్ష వెయ్యమని ఇవాళ జీవరాజే అడగాలి.

నిన్న కోర్టులో సీలు విప్పి చూసిన బాడిస ఆయన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. దాని పిడి గుండ్రంగా, నున్నగా, ఎర్రరంగు వేసి ఉంది. అందుకే కోర్టుకు వెళ్లే ముందు స్కూటర్‌ను బోయిగూడకు తిప్పాడు. ముద్దాయి ఇంటికి వెళ్లడం ఆయనకిదే మొదటిసారి.

బ్రహ్మచారి భార్య విమలమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"మీ ఆయన బాడిస పోలీసులు ఎప్పుడు తీస్కపోయిన్రమ్మా?"

"ఎక్కడ తీస్కపోయిన్రు సార్. గది ఇంట్లనే ఉన్నది. ఎవ్వరడిగిన్రు?"

మంచం కిందినుంచి గోనెసంచి తీసి విప్పింది. చెమటకు నల్లబడ్డ తుమ్మకర్ర పిడి. బొటనవేలు ఆనేచోట చిన్న గుంట.

"ఆయనది ఎడమచెయ్యి సార్. ఆ చేతికి తగ్గట్టు చెక్కుకున్నడు."

జీవరాజు తండ్రి అబ్రహాం చర్చి బెంచీలు చేసిన వడ్రంగి. వడ్రంగి బజార్లో ఇనుము మాత్రమే కొంటాడు, పిడి తనే చెక్కుకుంటాడు. బజారు పిడి పట్టినవాణ్ని తోటివాళ్లు పక్కన కూర్చోనివ్వరు. ఆ సంగతి తెలియని మహానుభావుడెవరో బాడిసను పిడితో సహా కొనుక్కొచ్చాడు.

"జెర ఇది నాకియ్యమ్మా. సాయంత్రం దీంతోపాటు ఆయన్ని సుత తెచ్చిస్తా."

"జల్ది తేండ్రి సార్. మొన్న ములాఖత్‌ల చూస్తే మస్తు దగ్గుతుండె."

కోర్టు వరండాలో ఈ కేసు పెట్టిన ఇన్‌స్పెక్టర్ కామరాజు టీ తాగుతున్నాడు.

"ఏంది సార్, సంకల బాడిస? రిటైరయినంక వడ్రంగి పని షురూ చేస్తరా?"

"కామరాజూ, రెజిమెంటల్ బజార్ల ఏ దుకాన్ల కొన్నవయ్యా? రంగు మంచిగున్నది."

కామరాజు గ్లాసుతోనే దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"మనం మనం ఒకటే పార్టీ గద సార్. అసలోడు దొరకలే. పైనోళ్లకు ఎవడో ఒకడు కావాలె. మీకెందుకు పరేషాన్?"

"రెండేండ్లు ఒక మనిషిని జైల్ల కుక్కి, టీ తాగుకుంట ఒకటే పార్టీ అంటవా? ఇయ్యాల నీ కేసును నేనే కూలగొడతా."

కేసు పిలిచారు. జీవరాజు బాడిస పట్టుకుని లేచాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన గొంతు అంత సిద్ధంగా ఎప్పుడూ లేదు. అంతలో ఎస్కార్టు కానిస్టేబుల్ బెంచి క్లర్కు చేతికి ఒక కాగితం ఇచ్చాడు. జడ్జిగారు చదివి కళ్లద్దాలు తీశారు.

"ముద్దాయి ఈ తెల్లవారుజామున జైలు ఆస్పత్రిలో చనిపోయాడు. కేసు మూసేస్తున్నాం."

"సార్, అతను చంపలేదు. ఆ మాట రికార్డులో రాయండి."

"తీర్పు ఎవరిమీద రాయను జీవరాజుగారూ? మనిషే లేడు కదా. తర్వాతి కేసు."

కామరాజు తలుపు దగ్గర టోపీ సర్దుకుంటున్నాడు.

జీవరాజు తన గదికి వెళ్లి కోటైనా విప్పకుండా కామరాజు మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. కలాన్ని ఎంత గట్టిగా నొక్కాడంటే, అక్షరాలు కింది మూడు కాగితాలూ దాటి బల్లకు కూడా దిగాయి. సంతకం చేశాడు. విమలమ్మకు ఏం చెప్పాలో తెలియకపోయినా, బోయిగూడ వెళ్లడానికి లేచాడు.

ఫ్యాను గాలికి ఎగరకుండా కాగితాల మీద బ్రహ్మచారి బాడిస ఉంది, దాని పిడి మీద ఎడమ బొటనవేలి గుంట పైకి తిరిగి ఖాళీగా ఉంది.