సస్కటూన్ బేరం

కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళో కిరాణా కొట్టు మూసేశాక ప్రేమానందానికి మిగిలింది ఓ పాత నూట పాతిక సీసీ బండి. ఇళ్ళకు సరుకులు చేరవెయ్యడానికి కొన్నది. కారేమో భార్య బాలకుమారికి కావాలి, నర్సింగ్ హోమ్ డ్యూటీకి వెళ్ళాలి కదా. అందుకని దాదాపు మూడువేల కిలోమీటర్ల దూరంలో ఉన్న సస్కటూన్‌కి బండి మీదే బయల్దేరాడు.

“దీని మీదా? పక్కనుంచి లారీ పోతే ఆ గాలికే లేచిపోతారు,” అంది బాలకుమారి.

“మెల్లగా వెళ్తాలే. అక్కడ డెలివరీలకు పనికొస్తుంది.”

“ఆండ్రూ అన్నయ్య ఇంకోసారి ఫోన్ చేసేదాకా ఆగరాదూ?”

“వాడు నన్ను రెండోసారి పిలవక్కర్లేదు.”

ఆండ్రూ బాపట్ల బళ్ళో అతనితో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఇప్పుడు సస్కటూన్‌లో పెద్ద ఇండియన్ స్టోర్ నడుపుతున్నాడు. కొట్టు మూతపడిన రోజు ఫోన్ చేసి, “ఒరేయ్ ప్రేమా, దిగులు పడకు. వచ్చెయ్. నా కొట్టు నీ చేతుల్లో పెట్టి నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటా,” అన్నాడు. సరుకు కంటితో చూడందే బేరమాడని ప్రేమానందం ఆ ఒక్క మాటను మాత్రం తూకం వెయ్యకుండా పుచ్చుకున్నాడు.

సుపీరియర్ సరస్సు పక్కన ప్రతి ఎత్తుకీ బండి మూలిగింది. వెనక లారీలు హారన్లతో తరిమాయి. వావా అనే ఊరు చేరేసరికి వానకు చేతులు కొయ్యబారాయి. అక్కణ్ణుంచి ఫోన్ చేస్తే, “రారా, జాగ్రత్త,” అన్నాడు ఆండ్రూ. థండర్ బే నుంచి చేస్తే ఎత్తలేదు. కెనోరా నుంచి చేసినా ఎత్తలేదు. అమ్మేవాడు ఫోన్ ఎత్తడం మానేశాడంటే సరుకు ఇంకోచోటికి పోయినట్టే. వేరేవాళ్ళకైతే ప్రేమానందమే ఆ సంగతి చెప్పేవాడు. తనకు మాత్రం చెప్పుకోలేదు. చర్చిలో ఉన్నాడేమో అనుకున్నాడు, కొట్లో రద్దీ ఏమో అనుకున్నాడు. మానిటోబా మైదానంలో ఈదురుగాలి బండిని పక్కకు తోస్తుంటే, ఒళ్ళు ఒకవైపు వాల్చి, ఆండ్రూ కొట్లో పప్పుల అరలు ఎటు జరపాలో ఆలోచిస్తూ నడిపాడు.

సస్కటూన్‌లో తలుపు తీసింది ఆండ్రూయే. హెల్మెట్ తీసిన మొహం చూసి కాసేపు తడబడ్డాడు.

“రండి రండి, ప్రేమానందం గారూ! ప్రయాణం బాగా జరిగిందాండీ?”

ఎవరితో అంటున్నాడో తెలియక ప్రేమానందం వెనక్కి తిరిగి చూశాడు. వాకిట్లో బండి తప్ప ఎవరూ లేరు. అప్పుడర్థమైంది. బేరం ఇవ్వదలుచుకోని మనిషిని తనూ అలాగే గారూ అని పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి పంపేసేవాడు.

లోపల సోఫాలో ఆండ్రూ అల్లుడు కెన్నీ ఉన్నాడు.

“మావాడు జాబ్ మానేసి స్టోర్ టేకోవర్ చేశాడండీ,” అన్నాడు ఆండ్రూ. “ఫోన్లో చెబితే బాగుండదని...”

“వావాలో చెప్పినా వెనక్కి తిరిగేవాణ్ణి కదరా.”

“అయినా మీరు నిజంగా ఆ బండి మీద వచ్చేస్తారని ఎవరనుకుంటారండీ?”

“సో క్యూట్, అంకుల్! దాని మీదేనా వచ్చారు?” అన్నాడు కెన్నీ, కిటికీలోంచి చూస్తూ.

భోజనానికి కూర్చున్నారు. “ప్రయాణంలో నీ దాసుణ్ణి కాపాడినందుకు స్తోత్రం తండ్రీ,” అని ఆండ్రూ కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. ప్రేమానందం కళ్ళు మూయలేదు. ఈ ఇంట్లో తనకు దక్కేదేమిటో లెక్క చూసుకుని, కోడికూర గిన్నె తనవైపు లాక్కున్నాడు.

“మొహమాటపడకండి, ఇంకొంచెం వేసుకోండి,” అన్నాడు ఆండ్రూ కళ్ళు తెరిచి, గరిటె అందుకుంటూ.

“వేసుకుంటానండీ, ఆండ్రూ గారూ. ఆ కాలు ముక్క కూడా ఇటు వెయ్యండి.”

ఆండ్రూ చేతిలో గరిటె కాసేపు ఆగింది. ప్రేమానందం పళ్ళెం చాపి అలాగే పట్టుకున్నాడు.