నెత్తిన మోసిన పెట్టెలు

గల్ఫ్ దేశంలో, సమాయిల్ ఊరి ఖర్జూరం షెడ్డులో ఆ రోజు లస్మవ్వ నెత్తి మీది పెట్టెను లారీలోకి ఎత్తలేదు. నేల మీద పెట్టింది.

"మేనేజర్ సార్‌ను పిలువు తమ్మీ," అంది గణపతితో. "మొగోళ్లకిచ్చే మోతకూలి మాకెందుకియ్యరో అడుగు."

గణపతిది జగిత్యాల పక్క పల్లె. షెడ్డుకు సూపర్‌వైజరు. మేనేజరు ఆడవాళ్లతో నేరుగా మాట్లాడడు, ఏదైనా గణపతితోనే చెప్పిస్తాడు. అందరూ ఒకే బల్ల దగ్గర కాయలు ఏరతారు, ఒకే లారీకి పెట్టెలు మోస్తారు. కానీ జీతం మీద అదనంగా ఇచ్చే మోతకూలి మగవాళ్లకే. వాళ్లు భుజాన మోస్తారు, అది లోడింగ్ అట. ఆడవాళ్లు చుట్టబట్ట పెట్టుకుని నెత్తిన మోస్తారు, అది అలవాటట. నెత్తికెత్తుకుంటే పెట్టె బరువు తగ్గుతుందా? కంపెనీ లెక్కలో తగ్గుతుంది మరి!

మేనేజరు వచ్చి విన్నాడు. కోప్పడలేదు. "మీ ఊళ్లో ఆడవాళ్లకు కూలి ఎంతిస్తారు?" అని గణపతిని హిందీలో అడిగాడు.

"సగం సార్," అన్నాడు గణపతి, ఆలోచించకుండానే.

వెనక మగవాళ్లు పకపకా నవ్వారు. గణపతీ నవ్వాడు. "మేం అంతకంటే ఎక్కువే ఇస్తున్నాంగా!" అని మేనేజరు అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

"ఏమడిగిండు? నువ్వేమన్నవ్?" అంది లస్మవ్వ.

గణపతి తన మాటను తనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అబద్ధమేమీ ఆడలేదు. వాళ్ల ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లకు సగం కూలే. తల్లి ఆ సగంతోనే తనను పెంచింది. అది గుర్తొచ్చి గణపతి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏం గణపతన్నా," అంది కడప నుంచి వచ్చిన జైనబీ. "మా పిల్లోళ్లకు ఆకలి సగమే అయితాదా? ఆయప్పకు తెలీకుంటే నువ్వే నేర్పించినావే!"

మర్నాడు ఆడవాళ్లు కాయలు ఏరారు, పెట్టెలు నింపారు, వాటి పక్కనే కూర్చున్నారు. "ఏరుడుకు జీతమిస్తున్నరు, ఏరినం," అంది లస్మవ్వ. "మోతకు ఇస్తలేరు, మొయ్యం."

ఎండలో లారీ ఆగిపోయింది. మేనేజరు మండిపడ్డాడు. "మగవాళ్లతో మోయించు! నువ్వూ ఎత్తు!"

గణపతి ఎత్తాడు. కుమార్, ఇస్తారి, మిగతా మగవాళ్లూ ఎత్తారు. లారీకి దారి ఆడవాళ్ల ముందు నుంచే. ఒక్కరూ తిట్టలేదు. అతనికి అడ్డం రాకుండా లస్మవ్వ కాళ్లు ముడుచుకుంది. ఆమె నోరారా తిడితే బాగుండుననిపించింది గణపతికి. లారీ దాకా పోలేకపోయాడు. పెట్టె దించి అక్కడే చతికిలబడ్డాడు.

"నీకేం రోగం? నీకు పూర్తి జీతమేగా!" అని అరిచాడు మేనేజరు.

"నిన్న నేను చెప్పింది నిజమే సార్. కానీ మా ఊరిదే తప్పు. ఆ తప్పును ఇక్కడికి తెచ్చింది నేను." గణపతి ఇది హిందీలో చెప్పి, ఆడవాళ్లకు తెలుగులోనూ చెప్పాడు.

"గీ మాట నిన్న అనేదుండె," అంది లస్మవ్వ. ఆమె ముఖం మెత్తబడలేదు.

మేనేజరు ఫోన్ చేస్తే కంపెనీ వ్యాను వచ్చింది. లస్మవ్వ వీసా రద్దు చేసి ఇండియాకు పంపేస్తామన్నారు. గణపతి గబగబా లేచాడు. "నేను గూడ వస్త అక్కా."

"నువ్వొస్తే ఎవలికి లాభం?" అంది లస్మవ్వ వ్యానెక్కుతూ. "నీ సిగ్గు నీకే ఉంటె సరిపోతదా? ఈడనే ఉండు. గా మొగోళ్లను కూసోబెట్టు."

వ్యాను పోయింది. గణపతి మగవాళ్ల వైపు తిరిగాడు. నిన్న వాళ్లతో కలిసి నవ్వినవాడు, ఇప్పుడు ఏ ముఖంతో చెప్పాలి?

"నిన్న మనం నవ్వినం," అన్నాడు. "గందుకే సారుకు ధైర్యమొచ్చింది. గందుకే అక్కను తీస్కపోయిన్రు."

"నీకేందన్నా, చెప్తవ్," అన్నాడు కుమార్. "మా వీసాలు వోతే?"

"పోవచ్చు. లస్మక్కది పోలేదా?"

ముందు ఇస్తారి పెట్టె దించి వచ్చి కూర్చున్నాడు. తర్వాత కుమార్. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

మేనేజరు మళ్లీ ఫోన్ తీశాడు. జైనబీ ఇక గణపతి కోసం చూడలేదు. తన ఉర్దూలో తనే చెప్పింది:

"వ్యాను చాలదు సాబ్. బస్సు తెప్పించండి."